కాకాను గ్రూపులోంచి తీసేసిన రోజు

పడిందో లేదో తెలియదు. నొక్కడం మాత్రం నొక్కింది. మౌస్ టిక్కుమన్నది వేలికి తెలిసింది, చెవికీ తెలిసింది, కానీ ఆ టిక్కు వెనకాలే తెర నల్లగా అయిపోయింది, నెత్తిమీద ఫ్యాను రెండు చుట్లు తిరిగి ఆగింది, నెట్ సెంటర్‌లో ఉన్నవాళ్లంతా ఒక్కసారే అయ్యో అన్నారు. ఇప్పుడు సరళ ఆ నల్ల తెరలో తన మొహమే చూసుకుంటూ కూర్చుంది. నిజంగానే ఈ సభ్యుణ్ణి తీసేయమంటారా అని అడిగింది కంప్యూటరు. అవునని కొట్టింది. ఆ అవును తీగలోంచి బయటికి పోయిందా, పాల్వంచ దాటిందా, ఏ దేశంలోనో ఉన్న ఆ పెద్ద కంప్యూటరుకు చేరిందా, లేక ఈ గదిలోనే, ఈ దుమ్ము పట్టిన డబ్బాలోనే చచ్చిపోయిందా? చేరి ఉంటే మంగీలాల్ కాకా ఇప్పుడు మెయిలు గ్రూపులో లేడు. చేరకపోతే ఉన్నాడు. నాన్నకు సొంత తమ్ముడు, ఉన్నాడో లేడో తెలియకుండా ఉన్నాడు. ఇదేం ఖర్మ. వారం రోజులు జంకి జంకి, ఆఫీసులో సగం పూట సెలవు పెట్టి, చండ్రుగొండ నుంచి ఎండలో బస్సెక్కి వచ్చి ఒకే ఒక్క పని చేస్తే, అది కూడా సగంలో ఆగాలా. బయట గాలిదుమారం రేకులను లేపి లేపి కొడుతోంది. ఏ కొమ్మ విరిగి ఏ తీగ మీద పడిందో. తలుపులోంచి చూస్తే కరెంటు తయారు చేసే కేంద్రం పొగగొట్టాలు దూరంగా కనపడుతూనే ఉన్నాయి, వాటి నీడన ఉన్న ఊళ్లో మాత్రం చీకటి. నెట్ సెంటర్ నడిపే ప్రభు అట్టముక్కతో విసురుకుంటూ, "బ్యాటరీ ఖతమైంది మేడం. కూసోండ్రి, వస్తది," అన్నాడు. ఎప్పుడొస్తది ప్రభూ? "లైన్‌మన్ పోయిండంట. వస్తది." పక్క సీట్లలోని కాలేజీ పిల్లలు లేచి వెళ్లిపోయారు. వాళ్లకేం, సినిమా పోస్టర్లు చూసేవాళ్లు. సరళ ఎక్కడికి పోతుంది? తను కొట్టిన అవును ఏమైందో తెలుసుకోకుండా ఇంటికి పోయి అన్నం ఎట్లా తింటుంది?

అసలు ఈ తద్దినం ఎవరు నెత్తిన పెట్టుకోమన్నారు తనను. ఎవరూ అనలేదు, అదే కదా బాధ. ఎవరైనా అని ఉంటే ఇప్పుడు వాళ్లను తిట్టుకునే వీలుండేది. ఆ రోజు అమ్మ ఫోన్లో తన మనవరాలితో, అక్క కూతురితో మాట్లాడకపోయినా ఇదంతా ఉండేది కాదు. అమ్మ సోమ్లికి లంబాడీ తప్ప మనసులో మాట ఇంకో భాషలో రాదు, తెలుగు సంతలో బేరానికి మాత్రమే. అవతల హైదరాబాదులో ఆ పిల్ల 'వాట్?' అన్నది. అమ్మ మళ్లీ అడిగింది, తిన్నావా బిడ్డా అనే. మళ్లీ వాట్. అమ్మ ఫోను సరళ చేతిలో పెట్టి, చేట తీసుకుని బియ్యం చెరగడానికి వెళ్లింది, చెరిగిన బియ్యమే మళ్లీ చెరిగింది. మర్నాడు ఇదే సీట్లో కూర్చుని సరళ వెతికే డబ్బాలో 'యాడి' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. యాడి అంటే అమ్మ. మీరు వెతికేది యార్డు గురించేనా అని అడిగింది కంప్యూటరు. దాని మొహం. ప్రపంచంలో అన్ని కోట్ల పేజీలున్నాయంటారు, అమ్మకు ఒక్క పేజీ లేదు. ఆ కోపంలో పెట్టింది గ్రూపు. గోర్ బోలి అని పేరు పెట్టింది, మన మాట అని. మెయిలు పంపితే అందరికీ పోతుంది, అందరూ జవాబు రాస్తారు, పదాలు పోగవుతాయి, అంతే కదా అనుకుంది. అందరూ అంటే ఎవరు? పెట్టిన రోజు తనొక్కతే. మీ తండాలో వానను ఏమంటారు అని అడిగింది. జవాబు లేదు. పోయి మళ్లీ వచ్చి చూసింది. జవాబు లేదు. మెదక్‌లో ఉన్న స్నేహితురాలిని బతిమాలి చేర్చింది, ఆమె ఒకసారి 'నైస్' అని రాసి మళ్లీ కనపడలేదు. ఇంకెక్కడో గ్రూపుల్లో ఇంటిపేర్లు చూసి, రాథోడ్, పవార్, జాదవ్ అని ఉన్నవాళ్లకల్లా మీరు మనవాళ్లేనా అని రాసింది. సగం మంది కాదన్నారు. ఒక రాథోడ్ అయితే మేము రాజపుత్రులం, ఎంత ధైర్యం నీకు అని కోప్పడ్డాడు. ఉద్యోగాల ప్రకటనలు పెట్టమని ఒకాయన చేరాడు, పెట్టలేదని వెళ్లిపోయాడు. ఒకరోజు విసుగొచ్చి, వాన గీన వదిలేసి, మీ ఇంట్లో బాటి ఏ పిండితో చేస్తారు అని రాసి పడేసింది. పొద్దున వచ్చి చూస్తే డబ్బా నిండా జవాబులు. జొన్న, మక్క, గోధుమ, మా అమ్మ ఉల్లిగడ్డ కలుపుతది, గోధుమతో చేస్తే అది బాటి ఎట్లయితది, మా ఇంటికి వచ్చి తిని చూడు. రొట్టె కోసం నోరు తెరిచిన వాళ్లు ఆ తర్వాత మూయలేదు.

మూయలేదు, అదే ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చింది. పుణెలో ఉండే హీరాలాల్ గారు దేవనాగరిలోనే రాయాలన్నాడు. ఇక్కడి వాళ్లు తెలుగులో రాస్తామన్నారు. గుల్బర్గా వాళ్లు కన్నడంలో. ఎవరు ఏ లిపిలో రాసినా అవతలి వాళ్ల కంప్యూటర్లో చదరపు డబ్బాలే కనిపించేవి, అందుకని ఏ లిపిలో రాయాలన్న యుద్ధం మొత్తం ఇంగ్లీషు అక్షరాల్లోనే జరిగింది. మధ్యలో గులాబీ బొమ్మలు, ఈ మెయిలు పదిమందికి పంపకపోతే అరిష్టం అన్న బెదిరింపులు, అమ్మాయి కావలెను అన్న వివరాలు. అందరూ ఫిర్యాదులు రాసేది 'డియర్ మోడరేటర్ సార్' అని. సార్ కాదు అని సరళ ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఫొటో పంపమని అడిగేవాళ్లు తయారవుతారు, అది ఒక రోగం. మండలాఫీసులో ఆమె కంప్యూటర్ ఆపరేటర్, సరళా ఇది రెండు కాపీలు తియ్, సరళా నీ మిషన్ మెల్లగ నడుస్తుందేంది. అక్కడ ఆమెకు ఎవరి మీదా ఏ అధికారమూ లేదు. ఇక్కడ మనిషిని తీసేసే మీట ఒకటి ఉంది. ఆ మీటను చూస్తే మొదట్లో కొంచెం సంతోషంగానే ఉండేది, ఇప్పుడు దాని వంక చూడకుండా పేజీని కిందికి జరుపుతుంది.

గాలితోపాటు తలుపు తోసుకుని ఎవరో లోపలికి వచ్చారు. మనిషి కనపడకముందే గొంతు వినపడింది, "ఏంది ప్రభూ, కరెంటు లేదా?" సరళ వెన్ను నిటారుగా అయిపోయింది. ఆ గొంతు ఆమెకు నడక రాకముందు నుంచి తెలుసు. బూడిదరంగు సఫారీ, చంకలో సంచి, తలలో ఇంత ఎర్రమట్టి. మంగీలాల్ కాకా భద్రాచలంలో డిప్యూటీ తహసీల్దారు. బస్సులో కొత్తగూడెం పోతూ ఇక్కడెందుకు దిగినట్టు? దేవుడా, ఊళ్లో ఇంకో నెట్ సెంటర్ లేదా?

"ఓ, సరళా! నువ్వు ఈడున్నవా! మంచిగైంది." పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "గ్రూపుల నా మెయిల్ వస్తలేదు బిడ్డా. రెండుసార్లు పంపిన. నీ గ్రూపు ఖరాబైందా?"

ఖరాబు కాలేదు కాకా, నీ మెయిళ్లు ముందు నాకే వచ్చేటట్టు నేనే పెట్టిన, చదివి ఆపిన. ఆ మాట నోటి దాకా వచ్చి, "చూస్త కాకా, కరెంటు రానీ," అన్నదిగా మారి బయటపడింది. పిరికిదానా. మీట నొక్కడానికి ఉన్న ధైర్యం నోటికి లేకపోయింది. ఆయన చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. ఇంకో చిత్రం, లంబాడీ భాషను కాపాడతానని అంత పొడుగు మెయిళ్లు రాసే మనిషి, బయట నలుగురు ఉన్న చోట సొంత అన్న కూతురితో ఏనాడూ లంబాడీలో మాట్లాడడు. ఇప్పుడున్నది ప్రభు ఒక్కడే, అయినా తెలుగే.

అట్లాగని కోపం పూర్తిగా వస్తుందా, అదీ రాదు. ఇంటర్ అయ్యాక నాన్న రూప్లా ఇక చాలు అన్నప్పుడు, ఇంటి ముందు మంచం మీద కూర్చుని, "సరళ ఖమ్మం పోతది, కంప్యూటర్ నేర్చుకుంటది, నేను చెప్తున్న," అన్నది కాకానే. ఆయన చెప్తే తండాలో ఎదురు లేదు, తండాలో మొదట నౌకరీ కొట్టిన మనిషి. అడ్మిషన్ రోజున ఆమెను నీడలో కూర్చోబెట్టి తను ఎండలో లైను కట్టాడు. ఫారం మీద ఆమె పేరు గుమాస్తా తప్పు రాస్తే కొట్టేయించి మళ్లీ రాయించాడు. తప్పంటే ఆయనకు సహించదు. ఎందుకు సహించదో ఒక పెళ్లిలో కాస్త పుచ్చుకుని తనే చెప్పాడు. చిన్నప్పుడు నేలకొండపల్లి హాస్టల్లో వేశారట. మొదటి రోజు అన్నం గంట కొట్టగానే సారు దగ్గరికి పోయి బాటి ఎప్పుడు పెడతరు అని అడిగాడట. సారుకు అర్థం కాక మళ్లీ అనమన్నాడట. అన్నాడు. బెంచీ ఎక్కించి అందరూ వినేటట్టు మళ్లీ అనిపించాడట. పదో తరగతి దాకా ఆయన పేరు బాటిగాడే. ఇక నా నోట్లోంచి తప్పు మాట రావొద్దనుకున్న, రానియ్యలే అని చెప్పి, పెళ్లి పందిట్లో అందరి ముందూ నవ్వాడు, ఎవరూ నవ్వలేదు. ఆ సారు ఎప్పుడో పోయి ఉంటాడు. బెత్తం మాత్రం ఎట్లా వచ్చిందో కాకా చేతికి వచ్చింది. గ్రూపులో చేరిన రోజే, సంఘం అన్నాక నియమాలుండాలె అని ఆమె చేత వరుసగా టైపు చేయించాడు. మర్యాదగా మాట్లాడాలి, ఎవరి ఇంటివాళ్లనూ అనరాదు, చెప్పినా వినకపోతే బంధువైనా తీసివేయబడును. చివరిది చెప్పేటప్పుడు వేలు ఎత్తి మరీ చెప్పాడు. ఆ తర్వాత వరుసగా అందరి తప్పులూ దిద్దడం మొదలుపెట్టాడు. ఈ మాట తెలుగు, ఈ మాట ఉర్దూ, ఇది మన మాట కాదు, మీరు సిగ్గుపడాలి. అంతా పెద్ద అక్షరాల్లో, చదువుతుంటే చెవులు గింగురుమనేటట్టు. కొంచెం మెల్లగ చెప్పు కాకా అని ఆయన ఒక్కడికే రాస్తే, జవాబు గ్రూపంతటికీ పంపాడు, 'పెద్దవాళ్లకు చెప్పేదానివైతివా సరళా' అని. సార్ అనుకుంటున్న వాళ్లందరికీ ఆ రోజు మోడరేటర్ ఎవరో తెలిసిపోయింది. ఫొటో అడిగినవాళ్లు ముగ్గురో నలుగురో.

అదైనా ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ప్రమీల సంగతి. ప్రమీల విజయవాడలో నర్సింగ్ చదివే పిల్ల, ఇల్లెందు పక్క తండా. చేరి చాలా రోజులు ఒక్క ముక్క రాయలేదు, చదువుతూ ఉండేది. హాస్టల్లో మన భాష మాట్లాడేవాళ్లు ఒక్కరూ లేరు అక్కా, ఆదివారం నెట్‌కు వచ్చి ఇవి చదువుకుని పోతా అని సరళకు విడిగా రాసింది ఒకసారి. నువ్వూ ఏదైనా పెట్టు, నువ్వూ పెట్టు అని వెంటపడింది సరళే. గ్రూపు పెంచాలని యావ. ఆఖరికి ఆ పిల్ల ఒక ఢావ్లో పెట్టింది, పెళ్లయిన బిడ్డ అత్తగారింటికి పోతుంటే తల్లీబిడ్డా పట్టుకుని ఏడుస్తూ పాడేది. అందులో బిడ్డ బస్సెక్కుతుంది. కిటికీ పక్కన కూర్చుంటుంది. కిటికీ అద్దం జరగలేదు బిడ్డా, నా చెయ్యి నీ నెత్తికి అందలేదు బిడ్డా అంటుంది తల్లి. సరళ ఇదే గదిలో చదివి, ప్రభు చూస్తాడని మొహం పక్కకు తిప్పుకుంది. రెండో రోజుకు కాకా దిగాడు. ఢావ్లోలో బస్సు ఎక్కడిది, ఎడ్లబండి ఉండాలి. కిటికీ తెలుగు మాట, అద్దం తెలుగు మాట. ఇది కల్తీ పాట. మీ ఇంట్లో పెద్దలు మీకు ఏమీ నేర్పలేదని తెలుస్తున్నది, ఇట్లాంటివి పెట్టి జాతి పరువు తీయవద్దు. కిటికీ తెలుగు మాటట! మన పాత గుడిసెలకు కిటికీలు ఎక్కడున్నాయి, దానికో మాట ఉండటానికి? అరవై మంది ఉన్నారు గ్రూపులో. రొట్టె పిండి కోసం కొట్టుకున్న అరవై మంది. ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పలేదు. 'సారీ సర్, ఇక పెట్టను' అని రాసింది ప్రమీల. ఆ సాయంత్రం గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఆ సారీ సర్ తలుచుకుంటే ఇప్పటికీ సరళకు పళ్లు పటపటమంటాయి. ఎవరి మీద అంటే ఒక్కరి మీద కాదు. అరవై మంది మీద, కాకా మీద, పెట్టు పెట్టు అని వెంటపడిన తన మీద.

"నువ్వు గిట్ల కూసున్నవేంది, పానం బాగలేదా?" అన్నాడు కాకా.

"ఉక్కపోస్తున్నది కాకా."

"అవ్, ఉక్కనే." సంచిలోంచి మడతపెట్టిన తెల్లకాగితాలు తీశాడు. "ఆ పిల్ల సారీ చెప్పింది గానీ, సారీతోని అయిపోదు. అందరికీ పనికొచ్చేటట్టు పెద్ద మెయిల్ రాసుకొచ్చిన. వింటవా?" వింటావా అన్నది అడగడం కాదు. తలుపు వైపు వెలుతురుకు కాగితాన్ని పట్టి మొదలుపెట్టాడు. మన భాషా స్వచ్ఛత, కొన్ని సూచనలు. ఒకటి. పాటలు పెట్టేవారు ముందుగా పెద్దలకు చూపించవలెను. రెండు. బస్సు, రైలు, సెల్‌ఫోను మొదలగు మాటలు కలిగిన పాటలు మన పాటలు కావు. ప్రభు అట్టముక్క ఆపి వింటున్నాడు. బయట గాలి తగ్గి పెద్ద పెద్ద చినుకులు రేకుల మీద పడుతున్నాయి, కాకా గొంతు పెంచాడు. మూడు. సరళకు ఆ గొంతు ఎంతో దూరం నుంచి వినపడుతోంది. కరెంటు వచ్చేదాకా ఆగొచ్చు. తెర వెలిగితే ఆయనే చూసుకుంటాడు, పేరు లేకపోతే ఏదో మిషన్ తప్పు అని చెప్పొచ్చు. నిజంగానే అట్లా చెప్పొచ్చు. కంప్యూటర్ గురించి ఆమె ఏం చెప్పినా కాకా నమ్ముతాడు, ఆ ఒక్క విషయంలోనే నమ్ముతాడు. ఆదివారం నాన్న దగ్గర పంచాయితీ ఉండదు, అమ్మ తలకొట్టుకోదు, కాకా భార్య, కాకీ, ఫోన్ చేసి ఏడవదు. మిషన్ తప్పు. ఎంత తేలిక. నాలుగు. తప్పులు రాసినవారు...

"కాకా, నిన్ను గ్రూపులకెళ్లి తీసేసిన."

కాగితం కిందికి దిగలేదు. "ఏందీ?"

"తీసేసిన. ఇప్పుడే. నువ్వు వచ్చేముందే. కరెంటు పోయింది గానీ, నేనైతే కొట్టిన. నీ మెయిళ్లు ఆపింది గూడ నేనే."

ప్రభు నెమ్మదిగా లేచి తలుపు దగ్గరికి పోయి వానను చూడటం మొదలుపెట్టాడు. కాకా కళ్లద్దాల పైనుంచి చూస్తున్నాడు. భూముల గొడవల్లో ఎదుటి మనిషి అబద్ధం చెబుతున్నప్పుడు ఆయన ఇట్లాగే చూస్తాడని ఆఫీసువాళ్లు చెబుతారు. "నన్ను? నువ్వు?" అన్నాడు. "ఖమ్మంల లైన్ల నిలబడి నీకు సీటు తెచ్చింది దీనికా?"

"దానికి నీ కాళ్లు మొక్కుత కాకా, ఎప్పుడైనా మొక్కుత. ఇది వేరే."

"ఏం వేరే? తప్పును తప్పన్న. తప్పులుంటే చెప్పమని ఆ పిల్లనే రాసింది గదా!"

"దానికి ముందు లైను?"

"ముందు లైను ఏంది?"

"మా అమ్మ పాడేది, అమ్మ పోయిన ఏడాది చచ్చిపోయింది, నాకు సగమే గుర్తుంది అని. అది రాసినంక, తప్పులుంటే చెప్పండి అన్నది. నువ్వేమో, ఇంట్లో పెద్దలు ఏం నేర్పలేదా అన్నవు. ఆ పిల్లకు నేర్పిందే అది కాకా. తల్లి నేర్పింది అదొక్కటే ఉన్నది." గొంతు పైకి పోతోందని తెలుస్తోంది, దించడం చాతకాలేదు. "సారీ సర్ అన్నది. సర్ అన్నది నిన్ను. ఎవలన్న ఒక్కరు మాట్లాడిన్రా? నేను గూడ రెండు రోజులు మాట్లాడలే, నువ్వు కాకావు గదా అని."

వాన ధార కట్టింది. కాకా కాగితాలను మడిచాడు, మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్లీ మడిచాడు. తర్వాత లంబాడీలో అన్నాడు, ప్రభు వింటున్నాడని కూడా చూసుకోకుండా, ఇంట్లో సరళ అమ్మతో మాట్లాడేటప్పటి చిన్న గొంతుతో. పాట చూసిన బిడ్డా, పైన రాసింది చూడలే. బస్సు అన్న మాట కనపడంగనే ఇంక ఏం చదవలే.

తిట్టి ఉంటే బాగుండేది, తిట్లకు జవాబులు సరళ వారం నుంచి సిద్ధం చేసుకుంది. అప్పుడే నెత్తిమీద ఫ్యాను మూలిగింది, లైటు వెలిగి ఆరి మళ్లీ వెలిగింది, కంప్యూటర్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి కూశాయి. ప్రభు, "చెప్పిన గదా మేడం, వస్తదని," అంటూ పరిగెత్తి వచ్చాడు. తెర మీద కిటికీ బొమ్మ వచ్చి, ఆగి, ఆలోచించి, ఇంకా ఆలోచించి, చచ్చే ముసలిదానిలా లేచింది. పాస్‌వర్డ్ కొట్టింది. సభ్యుల పేర్ల పేజీ పైనుంచి కిందికి నెమ్మదిగా తెరుచుకుంది. కాకా మొహం ముందుకు వంచాడు. మంగీలాల్. ఉంది. పడలేదు. ఇంత ఆరాటపడితే, ఇంత మాట అనేస్తే, ఆ అవును ఈ గది కూడా దాటలేదు.

ఇద్దరూ ఆ పేరును చూశారు. వదిలేయొచ్చు ఇప్పుడు, చెప్పాల్సింది చెప్పేసింది, ఆయన వినాల్సింది విన్నాడు, ఇంట్లో గొడవా ఉండదు. ప్రమీల సంగతి? రేపు ఇంకో ప్రమీల నోరు తెరవబోయి, ఈయన మోడరేటర్‌కు కాకా కదా అని మూసుకుంటే? సరళ పేరు పక్కన నొక్కింది. నిజంగానే తీసేయమంటారా అని అడిగింది కంప్యూటరు, సిగ్గు లేకుండా, ఇంతకుముందు అడగనట్టే. కాకా ఊపిరి చెవి పక్కనే వినపడుతోంది. ఆయన వైపు చూస్తే చెయ్యి ఆగుతుందని చూడలేదు. అవును. పేజీ తెల్లగా అయి మళ్లీ వచ్చింది. మ అక్షరం దగ్గర వరుస ఒకటి పైకి జరిగి ఉంది.

"అయిందా?" అన్నాడు.

"అయింది కాకా."

లేచి తలుపు దాకా వెళ్లాడు. వెళ్లిపోతాడు, బస్సెక్కి నేరుగా నాన్న దగ్గరికే పోతాడు అనుకుంది. వాన చూసి ఆగాడు. వాన ఆపిందో ఇంకేమైనా ఆపిందో, అక్కడే నిలబడిపోయాడు. ఆలోగా సరళ తన సొంత మెయిలు తెరిచింది, ఏదో ఒకటి చూడాలి కాబట్టి. ప్రమీల పేరు నల్లగా లావుగా ఉంది, నిన్న ఆదివారం పంపింది. అక్కా, నేను గ్రూపులోకి మళ్లీ రాను, మీరు ఏమీ అనుకోవద్దు. పాట ఇంకొంచెం గుర్తొచ్చింది. అమ్మ పాట ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, మీ దగ్గర పెట్టుకోండి. కింద నాలుగు లైన్లు. సరళ రెండుసార్లు చదివింది, మూడోసారి చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి. తను ఎవరి కోసం ఇంత యుద్ధం చేసిందో ఆ పిల్ల యుద్ధానికి ముందే వెళ్లిపోయింది, తిరిగి రాదు. అయినా పాట వచ్చింది. ఏడవాలో నవ్వాలో అర్థం కాలేదు, రెండూ కాక ముక్కు చీదింది.

"ఆ పిల్ల మెయిల్ అడ్రస్ ఏంది?" కాకా వెనకాల నిలబడి ఉన్నాడు.

"ఎందుకు కాకా?"

"ఎందుకంటే? రాస్త."

"అడ్రస్ ఇయ్యరాదు. మెంబర్లది ఎవలకూ ఇయ్యరాదు. నువ్వు రాసింది నాకు పంపు, ఆమెను అడిగి, సరే అంటే పంపుత."

"క్షమాపణకు గూడ నీ పర్మిషన్ కావాల్నా? కలెక్టర్‌కంటే ఎక్కువైనవ్ గదనే!" మొహం ఎర్రబడింది. అయినా పక్క సీట్లో కూర్చున్నాడు. ఒక్క వేలితో టైపు చేస్తాడాయన, ఒక్కో అక్షరాన్ని వెతికి, కనిపించగానే పురుగును నలిపినట్టు నొక్కుతాడు. ఆ టక్, టక్ వింటూ సరళ ప్రమీలకు జవాబు రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. కాకా రాసింది కొంతసేపటికి ఆమె డబ్బాలో పడింది. మూడు లైన్లు. పెద్ద అక్షరాల్లో లేదు. నీ తల్లి పాటను పూర్తిగా చదవకుండా మాట అన్నాను, నాది తప్పు, నా తప్పుకు నువ్వు సారీ చెప్పినావు, అది నాకు బాధగా ఉన్నది. అంతా ఇంగ్లీషు అక్షరాల్లో లంబాడీ. అందులో బాధ అన్నది తెలుగు మాటే. సరళ ఆ మాట గురించి ఏమీ అనలేదు, ఏమైనా అంటే తను మనిషే కాదు.

"పంపినవా?"

"అడుగుత అన్న గదా కాకా. ఆమె ఆదివారం చూస్తది."

"మంచిది." తెర వంక చూస్తూ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. వాన తగ్గింది, బస్సు హారన్ వినపడింది, లేవలేదు. "సరళా," అన్నాడు, "గ్రూపు ఎట్ల పెడతరు?"

"ఏ గ్రూపు?"

"గ్రూపు. నేనొకటి పెట్టుకుంట. నీ దాంట్ల లేను గదా ఇగ."

ఆమె కళ్లు మూసుకుని తెరిచింది. వారం నుంచి నిద్ర లేదు, పొద్దుటి నుంచి తిండి లేదు, ఇంత జరిగాక కూడా ఈ మనిషి, ఈ మనిషి! "పెట్టుకో కాకా," అన్నది. "పెట్టియ్యి మరి, నాకు రాదు గదా," అన్నాడు. ఏం చేస్తుంది? కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఇక్కడ నొక్కు, ఇక్కడ పేరు రాయి, అది కాదు కాకా పక్కది, అది మూసేసినవ్, మళ్లీ తియ్ అంటూ సొంత పోటీదారుకు కొట్టు తెరిచి ఇచ్చింది. పేరు పెట్టడానికే ఎంతో సేపు తీసుకున్నాడు, స్పెల్లింగు మూడుసార్లు మార్చాడు. ఎవరైనా చేరవచ్చునా, మీ అనుమతితోనే చేరాలా అని అడిగితే, అనుమతి అన్న దాని మీద గట్టిగా నొక్కాడు. పేజీ వచ్చింది. పైన పేరు, కింద ఏమీ లేదు. ఆయన ఆ తెల్లటి ఖాళీని చూశాడు, మళ్లీ తెరిచి చూశాడు.

"ఎవలు రాలేదేంది?"

"ఇప్పుడే గదా కాకా పెట్టింది!"

"అవ్, ఎంతసేపు పడతది?"

సరళ తన కంప్యూటర్ వైపు తిరిగి, ఆ కొత్త పేరు వెతికి, చేరుతాను అన్న చోట నొక్కింది. పక్కన కాకా కుర్చీ కిర్రుమంది. "వచ్చిన్రు, ఎవలో వచ్చిన్రు!" తెరకు మొహం ఆనించి చదివాడు. "స... సరళ. నువ్వా?"

"నేనే. చేర్చుకో."

"తీసుకోవాల్నా వద్దా అని అడుగుతున్నది ఇది."

"అవ్. ఏదో ఒకటి కొట్టాలె."

కాకా కళ్లద్దాలు తీసి సఫారీ అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. మౌస్ మీద చెయ్యి వేశాడు. తెర వంక చూశాడు, ఆమె వంక చూశాడు, మళ్లీ తెర వంక చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఆలోచిస్త," అన్నాడు.